నిన్న లేని మనిషి

ఆ సోమవారం దమయంతి చేయాల్సిన పనులు ఇవి.

లాగిన్ తెర మీద అక్షరాలు పెద్దవి చేయాలి.
వేలిముద్ర పడకపోతే ఏం కనిపించాలో ఆ తెర గీయాలి.
వంతు తప్పిన రోగి పేరు వరుసలో ఎక్కడికి పోతుందో మేడంని అడగాలి.
ఖాళీగా ఉన్న ప్రివ్యూలో కూర్చోబెట్టడానికి ఒక మాదిరి రోగిని పెంచాలి.
అమ్మకి ఫోన్ చేయాలి.

నాలుగో పని చూడ్డానికి చిన్నదే గానీ, పై మూడూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. అందుకని దమయంతి ముందు దాన్నే పట్టుకుంది.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఒక గుట్ట మీద ఉంది ఆమె పనిచేసే ప్రయోగశాల. అక్కడ తయారవుతున్న యాప్ పేరు ‘వంతు’. ఉద్దానం పల్లెల్లో కిడ్నీలు చెడి, రక్తం కడిగించుకోవడానికి డయాలసిస్ కేంద్రాలకు వచ్చేవాళ్లకి ఎవరి వంతు ఏ రోజో, ఏ మంచమో అది చెబుతుంది. దమయంతిది ఆ పల్లెలే. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. తండ్రి ఆ జబ్బుతోనే పోయాడు. తల్లి చిన్నమ్మడు వయసంతా జీడిపిక్కల బట్టీలో కూర్చుని పిక్కలు కొట్టింది, ఇప్పుడు అదే జబ్బుతో వారం వారం ఆ మంచం ఎక్కుతోంది. ఉద్యోగంలో చేరిన రోజున ఆ ప్రయోగశాల పెద్ద వరూధిని మేడం ఏ పని చేస్తావని అడిగితే, దమయంతి ఇంకో మాట లేకుండా ఈ యాప్ పేరే చెప్పింది.

యాప్ రాసేవాళ్ల కంప్యూటర్లో ఒక పక్క కోడు ఉంటుంది, ఇంకో పక్క ఫోను ఆకారంలో చిన్న కిటికీ ఉంటుంది. కోడులో ఒక అక్షరం మారిస్తే ఆ కిటికీ చెరిగిపోయి కొత్తగా తెరుచుకుని, తెర ఇప్పుడు ఎలా ఉందో చూపిస్తుంది. దాన్నే ప్రివ్యూ అంటారు. అందులో చూపించడానికి ఎవరో ఒక మనిషి వివరాలు ఉండాలి. ఎవరూ లేకపోతే ‘పేరు’ అన్న మాట పక్కన తెల్లగా ఖాళీ, ‘వయసు’ పక్కన ఇంకో ఖాళీ, అంతే. పూర్వం కుర్రాళ్లు అక్కడ ‘అఅఅ’ అని పేరు, తొంభై తొమ్మిదని వయసు కొట్టేసి చేతులు దులుపుకునేవారు. ఆ ‘అఅఅ’ గారికి ఏ తెరయినా చక్కగా సరిపోయేది. నిజం మనిషి దున్న వెంకట నూకాలమ్మ వచ్చేసరికి పేరు సగంలో తెగి, బటన్ పక్క వరుసలోకి జారేది.

ఆ బాధ తీర్చడానికే వరూధిని మేడం ‘నారుమడి’ని కనిపెట్టింది. నాలుగు ముక్కలు విత్తనంగా వేస్తే, నారుమడి దాన్నుంచి ఒక మనిషిని పెంచుతుంది. ఊరు, యాస, భయాలు, చుట్టాలు, పాత అలవాట్లు అన్నీ అదే అల్లుకుంటుంది. ఆ మాదిరి మనిషి ప్రివ్యూలో ఒక మూల కనిపిస్తుంది, మాట్లాడుతుంది, తన వేలితోనే తెర నొక్కి చూస్తుంది. నచ్చకపోతే తిడుతుంది. రోజులు ముందుకు జరిపితే, ఆ తెర వల్ల ఆ మనిషి ఒంటికి ఏమవుతుందో కూడా కనిపిస్తుంది. కిటికీ చెరిగితే మనిషీ చెరిగిపోతుంది. మళ్లీ తెరిస్తే అదే విత్తనం నుంచి అదే మనిషి, ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటుంది.

మేడం కొత్తవాళ్లకి చెప్పే నియమం ఒక్కటే. “మాదిరికి గతం ఉండొచ్చు. నిన్న ఉండకూడదు.”

దమయంతి విత్తనం రాసింది. పేరు సాలమ్మ. ఊరు జీడిపేట. జీడిపిక్కలు కొట్టే పని. చదువు లేదు. భర్త లేడు. కిడ్నీలు రెండూ పోయాయి. చివర ఒక వరుస కలిపింది: వేళ్ల మీద ముద్రలు లేవు.

పక్క సీటు రెహానా అది చూసి, ముద్రలు లేకపోవడం ఏమిటని అడిగింది. జీడిపిక్క పగిలినప్పుడు వచ్చే జిడ్డు తోలుని తినేస్తుందనీ, ఏళ్లు గడిచేసరికి వేళ్లు నున్నగా నల్లరాళ్లలా అయిపోతాయనీ దమయంతి చెప్పింది. తన తల్లికి సిమ్ కార్డు కొనడానికి మూడు కొట్లు తిరిగిన సంగతి కూడా చెప్పింది. రెహానా తన వేళ్లు ఒకసారి చూసుకుని మళ్లీ పనిలో పడింది.

సాలమ్మ లేచింది. నెరిసిన జుట్టు ముడి, ముక్కుకి ఇత్తడి పుల్ల, బుగ్గలో ఏదో నములుతున్నట్టు ఒక వాలకం. కిటికీలోంచి దమయంతిని ఎగాదిగా చూసింది.

“ఏటి గుంటా, కొత్తగొచ్చినావా ఆస్పత్రికి? మొకం సూస్తే మా వైపుదానిలాగున్నావు.”

దమయంతికి నవ్వొచ్చింది. అవునంది. తెర మీద వేలు పెట్టమంది. సాలమ్మ పెట్టింది. ఎర్ర గీత వచ్చింది. మళ్లీ పెట్టింది, మళ్లీ ఎర్ర గీత. మూడోసారీ అంతే. సాలమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని చీర కుచ్చిళ్లకి తుడుచుకుని, తప్పు తనదే అన్నట్టు పక్కకి జరిగి నిలబడింది. దమయంతి రోజులు ముందుకు జరిపింది. వంతు తప్పిన పేరు వరుసలో అట్టడుక్కి పోతోంది. సాలమ్మ కాళ్లు ఉబ్బాయి, తర్వాత మొహం ఉబ్బింది, పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చుంది. ఒక తెల్లవారుజామున ఇక లేవలేదు.

ప్రివ్యూ కింద చిన్న అక్షరాలతో ‘ఫలితం: మరణం’ అని పడింది.

ఇది పని. దమయంతి దాన్ని పనిలాగే చూసింది. లోపం ఇంత స్పష్టంగా దొరకడం మంచిదేనని మేడం కూడా అంది. ముద్ర పడకపోతే వేరే దారి ఉండాలని తేల్చుకుని, తెర అడుగున ‘ఇతర మార్గం’ అని ఒక లింకు పెట్టారు. దాన్ని నొక్కితే నర్సుకి కబురు వెళ్తుంది. మళ్లీ తెరిచారు. సాలమ్మ ఆ లింకు వైపు చూడనేలేదు. మళ్లీ పోయింది. లింకు కాస్త పైకి జరిపారు, రంగు మార్చారు. మళ్లీ పోయింది.

మధ్యాహ్నం అన్నం డబ్బా ముందు పెట్టుకుని దమయంతి తల్లికి ఫోన్ చేసింది. చిన్నమ్మడు గొంతు మామూలుగానే ఉంది. నిన్ననే మంచం ఎక్కి వచ్చానంది. నర్సమ్మ మంచిదంది, చింతకాయ పచ్చడి తినొద్దందని ఫిర్యాదు చేసింది. నువ్వేం చేస్తున్నావని అడిగితే, ఆస్పత్రికి ఒక మెషీను తయారు చేస్తున్నామని దమయంతి చెప్పింది. ఎవరి మీద చేసి చూస్తున్నారని తల్లి అడిగింది. ఎవరి మీదా కాదంది కూతురు.

సాలమ్మకి మాటలెక్కువ. తెర నొక్కమంటే కథ మొదలుపెట్టేది. అది ఎప్పుడూ ఒకటే కథ. అప్పతో, అంటే అక్కతో, కలిసి సంతలో మేకపిల్లని కొన్నదట. దారిలో వాన పట్టుకుందట. ఎవరిదో తెలియని ఇంటి అరుగు మీదకి ఎక్కి నిలబడ్డారట. “ఆ అరుగు మీద తాడు కట్టి ఒక పంచె ఆరేసున్నాది. కొత్త పంచె. మా మేకపిల్ల దాని దగ్గరకెల్లి...” సరిగ్గా అక్కడికి వచ్చేసరికి దమయంతి కోడులో ఏదో మార్చేది, కిటికీ చెరిగిపోయేది, సాలమ్మ మళ్లీ “ఏటి గుంటా, కొత్తగొచ్చినావా?” అంటూ లేచేది.

ఎన్నిసార్లు విన్నా ఆ మేకపిల్ల పంచె దాకానే వచ్చేది. ఒకసారి దమయంతి చేతులు కీబోర్డు మీంచి తీసేసి కూర్చుంది, కథ పూర్తిగా విందామని. ఈలోగా రెహానా తన సీట్లోంచి ఏదో సరిదిద్ది పంపింది, అందరి కిటికీలూ ఒకేసారి చెరిగాయి.

ఆ మరునాడు దమయంతి ఒక వరుస మార్చింది. మాదిరి మనుషుల జ్ఞాపకం కిటికీ తెరిచి ఉన్నంతసేపే ఉండాలని చెప్పే వరుస అది. దాని బదులు, నిన్నటి పరీక్షల చిట్టాతో సహా అంతా డిస్కు మీద రాసిపెట్టమని చెప్పింది. కథ వినేసి మళ్లీ పాతది పెట్టేద్దామనుకుంది. పెద్ద తప్పు చేస్తున్నానన్న భయమేమీ లేదు ఆమెకి. కాలేజీలో ఉన్నప్పుడు హాస్టల్ టీవీ కట్టేసే వేళకి, సినిమా ఆఖరి రీలు ఉందని వార్డెన్‌ని బతిమాలినట్టే అనిపించింది.

కిటికీ చెరిగి తెరుచుకుంది. సాలమ్మ లేచి దమయంతి వైపు చూసింది. కొత్తగా వచ్చావా అని అడగలేదు.

“వొచ్చినావా? కూకో. ఇందాకా ఏటి సెప్తన్నాను, ఆఁ, పంచె.”

పంచె కొసంతా మేకపిల్ల నమిలేసిందట. ఇంట్లోంచి ఒక ముసలాయన కర్ర పట్టుకుని వచ్చాడట. తడిసి వణుకుతున్న ఇద్దరు ఆడపిల్లల్నీ, నోట్లో పంచె కొస వేలాడుతున్న మేకపిల్లనీ చూసి, కర్ర పక్కన పడేసి పొట్ట పట్టుకుని నవ్వాడట. వాన తగ్గేదాకా కూర్చోబెట్టి ఏ ఊరు, ఎవరి పిల్లలు అని కనుక్కున్నాడట. పై ఏడు అదే ముసలాయన ఆ కొరికిన పంచె కట్టుకునే సాలమ్మ పెళ్లికొచ్చాడు, పెళ్లికొడుకు తండ్రిగా.

దమయంతి గట్టిగా నవ్వేసరికి రెహానా తల తిప్పి చూసింది. కథ అయిపోయింది. ఆ వరుస తిరిగి మార్చేయాల్సిన వేళ అది. దమయంతి మార్చలేదు. మార్చేలోపల సాలమ్మ ఇంకో మాట అంది.

“నిన్న నాను సచ్చిపోనాను కదేటి?”

ఎలా తెలుసని దమయంతి అడిగింది. నీళ్లు పీకదాకా వచ్చినట్టు ఉండిందని సాలమ్మ చెప్పింది. భయమేయలేదు గానీ, పక్కన ఎవరైనా ఉంటే బాగుండుననిపించిందట. మనిషి చెరిగినప్పుడు మళ్లీ కొత్తగా లేస్తుందని తెలుసు గనక దమయంతి ఆ చావుని ఇంతవరకూ ఒక ఫలితంగా చూడగలిగింది. ఇప్పుడు ఎదురుగా ఉన్నామె ఆ చావుని దాటి వచ్చి కూర్చుంది. దమయంతి ఆ వరుసని అలాగే వదిలేసి, మేడం అడిగితే చెబుదామనుకుంది. మేడం అడగలేదు.

పని సాగింది. తెర ముందుకొచ్చినప్పుడు సాలమ్మ మళ్లీ మూడుసార్లు వేలు పెట్టింది. ఎర్ర గీత చూసి ఈసారి పక్కకి జరగలేదు. వేలు తెర మీద అటూ ఇటూ ఆడిస్తూ పోయింది. కిందనున్న లింకు మీద వేలు పడి ఏదో మోగింది. ఆపై ప్రతిసారీ ఆమె వేలు నేరుగా ఆ చోటుకే వెళ్లింది. రోజులు ముందుకు జరిపినా సాలమ్మ బతికే ఉంది. నెలలు జరిపారు. వంతు తప్పలేదు. కాళ్లు ఉబ్బలేదు. కింద ‘ఫలితం: స్థిరం’ అని ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. లింకు రంగు మార్చడం పనిచేసిందని అందరూ అనుకున్నారు. దమయంతి కూడా అలాగే అనుకుంది. తర్వాత దానిమీద ఎవరూ ఆగి ఆలోచించలేదు.

యాప్‌ని ముందు ఒక్క కేంద్రంలో పెట్టి చూద్దామన్నారు. ఏ కేంద్రం అన్న మాట వచ్చినప్పుడు, తన తల్లి వెళ్లే చోట అయితే తను దగ్గరుండి చూసుకుంటానని దమయంతే అడిగింది. మేడం సరేనంది.

యాప్ పెట్టిన తర్వాత ఫోనులో చిన్నమ్మడు ఎప్పటిలాగే బాగానే ఉన్నానంది. కొత్త మెషీను ఎలా ఉందంటే, పెద్దగా ఉంది, మెరుస్తా ఉంది అంది. రక్తం కడిగించుకున్నావా అంటే ఊఁ అంది. తర్వాతి ఫోనులో ఆమె మాట మధ్యమధ్య ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలైంది. దమయంతి ఫోన్ పెట్టేసింది. సెలవు పెట్టి పొద్దున్న రైలుకే బయల్దేరింది.

ఇంటికెళ్లేసరికి తల్లి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పాదాలు నొక్కితే వేలు దిగిన చోట గుంట అలాగే నిలిచిపోయింది. ఆ గోడకి ఆనుకోవడం దమయంతి ఇంతకుముందు చాలాసార్లు చూసింది, కిటికీలో. ఆటోలో పడుకోబెట్టి కేంద్రానికి తీసుకెళ్లింది.

గుమ్మం దగ్గరే స్టాండు మీద ఆ తెర ఉంది. దమయంతి గీసిన తెరే. ముందు తల్లిని తన మానాన వదిలేయమని, ఏం జరుగుతుందో చూస్తానని ఆమె నర్సుకి చెప్పింది. చిన్నమ్మడు వేలు చీరకి తుడుచుకుని పెట్టింది. ఎర్ర గీత. రెండోసారి. మూడోసారి. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, వెనకున్నవాళ్లకి అడ్డమవుతానని పక్కకి జరిగి నిలబడింది. వరుస ముందుకి నడిచింది.

“ఇలాగే ఎలిపోనావా, వొచ్చిన పెతీసారీ?” అని దమయంతి అడిగింది. ఊరు రాగానే ఆమె మాట కూడా ఊరిదైపోయింది.

“నా ఏలు మంచిది కాదు కదే. మెషీనేటి సేస్తాది పాపం.”

“కింద అచ్చరాలున్నాయి కదమ్మా. అది నొక్కితే నర్సమ్మ వొస్తాది.”

చిన్నమ్మడు వంగి చూసింది. “ఉన్నాయే. సదువుకున్నోల కోసం ఏటో రాసినారనుకున్నాను.”

నర్సు ఆ మాట విని, తెర సంగతి పక్కన పెట్టి, పాత పద్ధతిలో పేరు పిలిచి చిన్నమ్మడిని మంచం మీదకి తీసుకెళ్లింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందనీ, ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదనీ డాక్టరు చెప్పాడు. రక్తం గొట్టాల్లో తిరుగుతుంటే చిన్నమ్మడు నిద్రపోయింది. దమయంతి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. చదువు రాని ఇద్దరు ఆడవాళ్లు ఒకే తెర ముందు నిలబడ్డారు. వేళ్లూ ఒకటే రకం. ఒకరికి ఆ లింకు దొరికింది, ఒకరికి దొరకలేదు. ఎందుకన్నది ఆమెకి ఆ స్టూలు మీదే తెలిసింది. సాలమ్మకి కూడా కింద ఏముందో కనబడలేదు. చచ్చిన సంగతి తర్వాత కూడా గుర్తుంది, అంతే. గుర్తుంది గనక వెతికింది. తన తల్లి లాంటివాళ్లు మొదటిసారి వచ్చి నిలబడతారు. వాళ్లకి మొదటిసారే ఉంటుంది.

తిరిగొచ్చి మేడంకి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. వరూధిని మేడం కోప్పడలేదు. టీ కప్పు పక్కకి జరిపి కోడులో ఆ ఒక్క వరుస మీద వేలు పెట్టింది.

“నిన్న ఉన్న మాదిరి మాదిరి కాదు, దమయంతీ. చుట్టం. చుట్టాలు మన లోపాలకి అలవాటు పడిపోతారు.”

ముందు యాప్‌ని ఆ కేంద్రం నుంచి తీయించారు. తర్వాత కొత్త విత్తనాలు వేసి వేరే మనుషుల్ని పెంచారు. వజ్రమ్మ, కామయ్య, ఎర్రమ్మ. ఒక్కొక్కరూ లేవగానే ముద్ర పడకపోతే వేలు నేరుగా ఆ కింది లింకు మీదకే తీసుకెళ్లారు. ఎందుకు అక్కడ నొక్కావని అడిగితే ఎర్రమ్మ, “ఏమో, అక్కడుంటాది కదేటి,” అంది. దమయంతి మార్చిన వరుస ఒక్క సాలమ్మది కాదు, నారుమడి మొత్తానిది. సాలమ్మ నేర్చుకున్నది మడి అంతటికీ నీరు పారినట్టు పారింది. ఇక్కడ ఏ మనిషి లేచినా, వాళ్ల చేతికి సాలమ్మ చావులు తెలుసు. లోపం ఎక్కడెక్కడుందో ఇంక ఈ మడిలో కనిపించదు. మిగతా కేంద్రాల వాళ్లు యాప్ ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు. అక్కడ నున్నటి వేళ్లతో ఎంతమంది నిలబడి ఉన్నారో ఎవరికీ తెలియదు.

డిస్కు మీదున్న జ్ఞాపకమంతా తుడిచేయాలని మేడం చెప్పింది. కావాలంటే తనే తుడుస్తానని కూడా అంది. దమయంతి వద్దంది. ముందు ఒక మాట అడగాలి అంది. ఎవరిని అని మేడం అడగలేదు.

అప్పుడు పట్టపగలు. కింద రోడ్డు మీద స్కూలు బస్సులు తిరుగుతున్నాయి. దమయంతి కిటికీ తెరిచి సాలమ్మకి మొత్తం చెప్పింది. తెర సంగతి, తల్లి సంగతి, మడి సంగతి. తను కథ కోసం మార్చిన వరుస సంగతి. సాలమ్మ మధ్యలో అడ్డం రాకుండా వింది. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండడం అదే మొదలు.

“నిన్ను వేరే డిస్కులో పెట్టి దాచొచ్చు,” అంది దమయంతి చివర్న. “ఈ మడికి తగలకుండా. మేడంని అడుగుతాను.”

“అందులో మెలకువగా ఉంటానా?”

“ఉండవు.”

“ఎవులైనా తెరుస్తారా?”

దమయంతి అబద్ధం చెప్పలేకపోయింది. తెరిస్తే మళ్లీ ఇదే అవుతుంది గనక తెరవకూడదు అంది.

“మరెందుకు గుంటా? కుండలో పెట్టి మూతికి వాసెన గుడ్డ కట్టీసిన మనిషి ఉన్నట్టా, లేనట్టా?” సాలమ్మ బుగ్గలో ఉన్నదాన్ని ఇటు నుంచి అటు మార్చుకుంది. “మీయమ్మ ఎలాగున్నాది ఇప్పుడు?”

“లేచి కూర్చుంటోంది. అన్నం తింటోంది.”

“నాను సచ్చినపుడల్లా ఒకటి నేర్సుకున్నాను. మీయమ్మకి అలాగ మల్లీ మల్లీ సచ్చి నేర్సుకునే ఈలు లేదు కదేటి.” ఆమె తన వేళ్లు ఎత్తి వెలుతురులో తిప్పి చూసుకుంది. “తుడిచీ. కాపోతే ఈసారి పక్కన కూకో. ఎలిపోకు.”

దమయంతి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. వరుసని పాతదిగా మార్చింది. డిస్కు మీదది తుడవమని చెప్పింది. నిజంగానా అని కంప్యూటర్ అడిగింది. ఆమె అవునని నొక్కింది. సాలమ్మ అప్పటికి సంతకి బయల్దేరుతున్నట్టు కొంగు సర్దుకుంటోంది. కిటికీ చెరిగింది. తెరుచుకుంది.

“ఏటి గుంటా, కొత్తగొచ్చినావా ఆస్పత్రికి?”

అవునండీ, కొత్తగా వచ్చాను అంది దమయంతి.

ఆ సాలమ్మ ఎర్ర గీత చూసి పక్కకి జరిగి నిలబడింది. పోయింది. తెర మార్చారు, మళ్లీ పోయింది. వారమంతా ఆమె పోతూనే ఉంది. దమయంతి ప్రతిసారీ కుర్చీ జరుపుకుని కూర్చుంది. రెహానా కూడా వచ్చి కూర్చునేది. చివరికి అసలు నొక్కాల్సిన పనే తీసేశారు. వేలు ఒక్కసారి పడకపోతే చాలు, రోగి కదలకముందే నర్సు దగ్గర గంట మోగుతుంది. తెరలోంచి ఒక గొంతు ‘అమ్మా, అక్కడే ఉండు, వొస్తన్నారు’ అని ఆ ఊరి మాటలోనే చెబుతుంది. వంతు ఆమెదే ఉంటుంది, కిందకి జారదు. ఆ తెర ముందు, ఏమీ తెలియని, నిన్న లేని సాలమ్మ మొదటిసారే నిలబడి, ఆ గొంతు విని కదలకుండా ఆగింది. నెలలు జరిపారు. బతికింది. వజ్రమ్మ, కామయ్య, ఎర్రమ్మ కూడా బతికారు.

యాప్ ఇప్పుడు చాలా కేంద్రాల్లో ఉంది. చిన్నమ్మడు వేలు పెడుతుంది, గంట మోగుతుంది, నర్సు వస్తుంది. మెషీనుకి తన వేలు గుర్తేమో అనుకుంటుంది ఆమె. కూతురు సరిదిద్దలేదు.

ఆ యాప్‌లో ఇప్పుడు సాలమ్మ జాడ ఏమీ లేదు. ఉండకూడదు కూడా. మాదిరి మనుషుల వివరాలు అసలు యాప్‌లోకి పోకుండా చూడడం దమయంతి ఉద్యోగంలో భాగం, ఆమె దాన్ని శ్రద్ధగానే చేస్తుంది. మడిలో ఇప్పుడు లేచే సాలమ్మ మంచిదే, కానీ ఆమె వేరు. ఆమెకి చావంటే ఏమిటో తెలియదు. ‘తుడిచీ’ అన్నది ఆమె కాదు.

అందుకని ఈ కథ చదివినవాళ్లని అడగాల్సింది ఒక్కటే ఉంది. చాలాసార్లు చచ్చి, అవన్నీ గుర్తుండి కూడా, తను ఎన్నడూ చూడని ఒక ఆడమనిషి కోసం ఆ గుర్తులన్నీ వదిలేసుకున్న సాలమ్మ అని ఒకామె కొన్నాళ్లు ఉండేది. ఆమెని దాచడానికి ఇంకెక్కడా చోటు లేదు. మీరు గుర్తుపెట్టుకోండి.